పైపళ్లు లేనివి ఒక పక్క

ఆత్మకూరులో ఉదయగిరి బస్సెక్కి, దుర్గం కొండ బాగా దగ్గరపడ్డాక దిగితే మా అక్కవాళ్ల ఊరు. ఊరి పేరు రాయను. రాస్తే బడి పేరు రాసినట్టే. ఈ గొడవలో బడి తప్పు గోరంత, బొమ్మ తప్పు కొండంత.

మా బావకి ఎనభై జీవాలున్నాయి. పడమటి నెల్లూరులో జీవాలంటే ప్రాణమున్నవన్నీ అని కాదు, గొర్రెలూ మేకలూ మాత్రమే. ఆవులూ బర్రెలూ గొడ్లు. కోడి జీవం కాదు, కుక్క జీవం కాదు. ఈ లెక్క ఏ వాచకంలోనూ కనపడదు గానీ ఊళ్లో అయిదేళ్ల పిల్ల కూడా పొరబడదు. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

బావ కోడలిది ఆత్మకూరు. పక్క ఊరి సర్కారు బడిలో చిన్న తరగతులకి టీచరు. మనవడు మాత్రం ఉదయగిరిలో ప్రైవేటు బడికి పోతాడు. టీచర్ల పిల్లలు ఎక్కడ చదువుతారన్నది వేరే వ్యాసం, ఇప్పుడొద్దు. నేను పోయిన రోజు వాడు బడి నుంచి ఒక కాగితం తెచ్చాడు. అందులో ఆరు బొమ్మలు, 'గొర్రెకు సున్నా చుట్టండి' అని పైన ప్రశ్న. వీడు మేకకి చుట్టాడు. పక్కన ఎర్రసిరాతో పెద్ద ఇంటూ. గొర్రెలాయన మనవడికి గొర్రె రాలేదన్న సంగతి మేం కాఫీ తాగేలోపే వీధి చివరిదాకా పోయింది.

ఆ రాత్రి అరుగు మీద మా బావకీ (కోడలికి మామ) కోడలికీ జరిగిన వాదన ఇది. ఇద్దరి మధ్యా నేనే కూర్చున్నాను గానీ నన్నెవరూ లెక్కలోకి తీసుకోలేదు.

మామ: ఏందమ్మాయ్ ఇది? ఆ బొమ్మలో ఉండేది గొర్రేనా? దూదిమూటకి నాలుగు కాళ్లు పెట్టినారు. పిల్లోడు దాన్ని సీమకుక్క అనుకున్నాడంట. నేనైనా అదే అనుకుందును.

కోడలు: అది ఉన్నిగొర్రె మామయ్యా. చలిదేశాల్లో గొర్రె అట్లాగే ఉంటుంది.

మామ: చలిదేశాల పరీక్ష మా వాడికెందుకు? మన నెల్లూరు జీవానికి ఉన్ని యాడుండాది? రొమ్ము కాడ, మూపు కాడ కాస్త బొచ్చు, మిగతాదంతా పొట్టి వెంట్రుకే. పల్ల చూడు, ఒళ్లంతా తెలుపు. జోడిపి చూడు, తెలుపు మీద కళ్ల చుట్టూ, మూతికాడ, పొట్టకింద నలుపు. ఎర్రజీవం ఉండాది, దాన్ని ఆఫీసోళ్లు నెల్లూరు బ్రౌన్ అని రాసుకుంటారు. మూడిట్లో ఒక్కదానికన్నా ఉన్నుందా? ఎత్తుకాళ్లు, ఏలాడే చెవులు, నున్నటి ఒళ్లు. ఆ కాగితంలో అట్టా ఉండేది మేకొక్కటే. వాడు దానికి చుట్టినాడు. తప్పేంది?

కోడలు: బొమ్మ తప్పేనని నేనూ ఒప్పుకుంటా. నా తరగతిలో అట్లాంటివి వాడను, మీ మందనే ఫోన్లో ఫొటోలు తీసుకుపోతా. కానీ వాడు చుట్టిన మేకని మీరొకసారి సరిగ్గా చూడండి. గడ్డం ఉంది. తోక పైకి లేచి ఉంది. మన గొర్రె తోక కిందికి వేలాడుతుంది గదా? వాడు కాళ్లు చూశాడు, వెంట్రుక చూశాడు, అక్కడితో ఆగిపోయాడు. రోజూ మందలో తిరిగే పిల్లాడు తోక చూడకపోవడం బొమ్మ తప్పు కాదు.

(బావ కాగితం లాంతరు దగ్గరికి పట్టుకుని చూశాడు. కరెంటు పోయింది అప్పటికి. ఉన్ని సంగతికొస్తే, మహబూబ్‌నగర్ వైపయితే దక్కనీ గొర్రె, నల్లటి ముతక ఉన్ని, గొంగడి దాంతోనే నేస్తారు. అక్కడి పిల్లకీ ఇక్కడి పిల్లకీ గొర్రె అన్న మాట ఒకటే, మనసులో మెదిలే బొమ్మ ఒకటి కాదు. వర్క్‌బుక్కు అచ్చేసినవాళ్లు ఈ రెంటిలో దేన్నీ ఎప్పుడూ చూసినట్టు లేదు.)

మామ: సరే, తోక సంగతి వాడికి నేను చెప్తా. మీ పుస్తకాల సంగతి ఎవరు చెప్తారు? ఎనక పేజీలో చూసినా. రెండు గంపలు గీసి ఒకదాన్లో పెంపుడు జంతువులు, ఇంకోదాన్లో అడవి జంతువులు యెయ్యమన్నారు. కోతిని యాడ యేస్తావు? దుర్గం మీద ఉన్నంతసేపూ అడవిదే. కిందికొచ్చి అంగడికాడ వడల పొట్లం లాక్కుపోతే? పంది ఊళ్లోనూ ఉండాది, శెనక్కాయ చేలో రాత్రిపూట దిగేదీ ఉండాది. పిల్లి మనింట్లోనే పడుకుంటుంది, మన మాట ఎప్పుడన్నా ఇన్నదా?

కోడలు: ఇది మాత్రం మీతో పూర్తిగా ఒప్పుకుంటా. పెంపుడు అనేది జంతువు గుణం కాదు, దానికీ మనకీ ఉన్న సంబంధం. కానీ మన పిల్లలు యేరే తీరు కూడా అట్లాంటిదే మామయ్యా. మొన్న తరగతిలో ఒక పిల్ల పాముని తేలు పక్కన, జెర్రి పక్కన పెట్టింది. అదేంది అంటే "పురుగులు టీచర్" అన్నది.

మామ: రాత్రిళ్లు దాని పేరెత్తం గదా. పురుగు ముట్టిందనే అంటాం.

కోడలు: అవును. మనం భయంతో పెట్టుకున్న పేరు ఆ పిల్లకి జాతి పేరైంది. నేను ఇంటూ పెట్టలేదు. "దేన్నిబట్టి ఒకచోట పెట్టావు?" అని అడిగా. "విషం ఉంటుంది గదా" అన్నది. మంచిది, అది ఒక లెక్క. "ఇప్పుడు అవే బొమ్మల్ని కాళ్లు లెక్కబెట్టి మళ్లా యేరు" అన్నా. పాముకి కాళ్లే లేవు, తేలుకి ఎనిమిది, జెర్రికి లెక్కలేనన్ని. మూడూ విడిపోయినాయి. ఆ పిల్ల వాటిని చూస్తా ఉండిపోయింది. ఆరుద్ర కార్తెలో తొలి వాన పడితే ఆరుద్ర పురుగుల్ని అగ్గిపెట్టెలో పట్టి తెస్తారు గదా, వాటికీ కాళ్లు లెక్కబెట్టించా. ఎనిమిది. చీమ పక్కన కాదు, సాలీడు పక్కన కూర్చోవాల్సినవి.

మామ: అంటే, పిల్లోడు ఏం చెప్పినా ఒప్పే. విషమన్నా ఒప్పే, కాళ్లన్నా ఒప్పే. ఇంక బడెందుకు? జీతమెందుకు?

ఇంతదాకా బడి మరీ మొండిదని తిట్టినవాడు ఒక్క గుక్కలో బడి మరీ మెతకదని తిట్టసాగాడు. మా బావతో వాదన ఎప్పుడూ ఇంతే. అయితే ఈసారి ప్రశ్న మాత్రం గట్టిది. అన్ని లెక్కలూ ఒప్పే అయితే నేర్పేదేమిటి?

కోడలు దానికి మాటతో జవాబు చెప్పలేదు. లోపల నిద్రకి జోగుతున్న పిల్లాణ్ణి పిలిచింది.

కోడలు: నానా, తాతకి ఎనభై జీవాలుండాయి. అరవై గొర్రెలు, ఇరవై మేకలు. గొర్రెలు ఎక్కువా, జీవాలు ఎక్కువా?

పిల్లాడు: గొర్రెలే.

మామ: ఒరేయ్, జీవాలంటే ఏంది రా?

పిల్లాడు: గొర్రెలూ మేకలూ.

మామ: మరి ఏవి ఎక్కువ?

పిల్లాడు: గొర్రెలే తాతా. మేకలు ఇరవయ్యే గదా!

బావ మొహం చూడాలి ఆ క్షణాన.

కోడలు: చూశారా? జీవం అన్న మాట తెలుసు, మందలో ప్రతిదాన్నీ గుర్తుపడతాడు. కానీ గొర్రె ఒకేసారి గొర్రె కుప్పలోనూ జీవాల కుప్పలోనూ ఉండగలదన్నది వాడి మనసులో ఇంకా నిలవలేదు. గొర్రెల్ని పక్కకి తీయగానే మిగిలినవి మేకలే అయిపోతాయి, జీవాలన్న పెద్ద కుప్ప మాయమవుతుంది. జెనీవాలో పియాజె, ఇన్‌హెల్డర్ అని ఇద్దరు పిల్లల్ని ఇట్లాగే పూలతో అడిగారు. ఒకరకం పూలు ఎక్కువా, మొత్తం పూలు ఎక్కువా అని. 1959లో పుస్తకం రాశారు. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా చాలామంది మనవాడిలాగే చెప్పారు. మీ మందలో పెరిగినంత మాత్రాన ఇది రాదు మామయ్యా. దీనికి బడి కావాలి.

బావ కాసేపు మాట్లాడలేదు. బీడీ వెలిగించాడు. తర్వాత పిల్లాణ్ణి ఒళ్లోకి లాక్కుని తన పద్ధతిలో అడిగాడు.

మామ: ఒరేయ్, దొడ్లో జీవాలన్నీ పడుకోనుండాయి అనుకో. గొర్రెలు ఎక్కువా, పడుకోనున్న జీవాలన్నీ కలిపి ఎక్కువా?

పిల్లాడు: పడుకున్నయ్యే. అన్నీ పడుకున్నాయి గదా.

మామ: ఇప్పుడు చెప్పు తల్లీ. తప్పు పిల్లోడిదా, నీ అడగడానిదా?

ఆ అమ్మాయి నవ్వింది. ఓడినందుకు కాదని తర్వాత తెలిసింది. బావ నోటికి తోచిన ప్రశ్నే స్కాట్లాండులో ఒకరు బొమ్మ ఆవులతో అడిగారట. మూడు నల్లావులు, ఒక తెల్లావు, అన్నీ పక్కకి పడుకోబెట్టి. "నల్లావులు ఎక్కువా, ఆవులు ఎక్కువా" అంటే ఆరేళ్ల పిల్లల్లో నాలుగోవంతు మంది సరిగ్గా చెప్పారు. "నల్లావులు ఎక్కువా, నిద్రపోతున్న ఆవులు ఎక్కువా" అనేసరికి దాదాపు సగం మంది చెప్పారు. మార్గరెట్ డొనాల్డ్‌సన్ 1978లో తన పుస్తకంలో రాసిన సంగతి ఇది. కోడలు ఈ మాట దాచిపెట్టకుండా మామకి చెప్పింది. ఆ పూట నాకు ఆమె మీద గౌరవం పెరిగింది అందుకే. ఆయన మాత్రం "ఆవులైతే ఆవులు, అడిగే తీరు తెలియాల" అని మీసం దువ్వుకున్నాడు.

కోడలు: అయితే నేనూ మిమ్మల్ని ఒకటి అడుగుతా. రంపం, గొడ్డలి, సుత్తి, దుంగ. నాలుగిట్లో ఏది కలవదు?

మామ: అన్నీ కలుస్తాయి.

కోడలు: ఒకటి తీసెయ్యాలి.

మామ: దుంగ తీసేస్తే రంపం దేన్ని కోస్తుంది? ఉదయగిరిలో కొయ్య చెంచాలు చెక్కేవాళ్ల దగ్గరికి పోయి దుంగ అక్కర్లేదని చెప్పు, ఏమంటారో.

కోడలు: 1931, 32ల్లో లూరియా అనే రష్యా ఆయన ఉజ్బెకిస్తాన్ పల్లెల్లో సరిగ్గా ఇవే నాలుగు చూపించాడు. బడి మొహం చూడని రైతులు మీరన్నమాటే అన్నారు. కాస్త చదువుకున్నవాళ్లు దుంగని తీసేసి మూడూ పనిముట్లు అన్నారు.

మామ: ఆయన ఎవరిది ఒప్పన్నాడు?

కోడలు: చదువుకున్నవాళ్ల ఆలోచన ఒక మెట్టు పైనుందన్నాడు.

మామ: మెట్టు ఎక్కినోడు దుంగ లేకుండా మంచం చేసినాడా?

(ఇక్కడ నా ఓటు బావకి. లూరియా అడిగింది మంచి ప్రశ్నే, దానికి ఒకటే జవాబు పట్టుకుని కూర్చోవడమే బాగాలేదు. ఆవు, కోడి, గడ్డి మూడు బొమ్మలిచ్చి జత కలపమంటే అమెరికా పిల్లలు ఆవునీ కోడినీ కలిపారు, చైనా పిల్లలు ఆవునీ గడ్డినీ కలిపారు. 1972లో చియు అనే పరిశోధకుడు రాశాడు. మా అక్కని అడిగితే ఆవునీ గడ్డినీ కలిపి, కోడికి నూకలేవి అని అడుగుతుంది.)

కోడలు: నేను మీ లెక్క తీసెయ్యమనడంలేదు. పిల్లాడికి రెండో లెక్క కూడా ఉండాలంటున్నా. ఏడాది మొదట్లో నేను జంతువుల జోలికే పోను. ఉదయగిరి చెంచాలూ గరిటెలూ ఒక గంపెడు పోసి యేరమంటా. మొదట రంగు చూసి మొదలెడతారు, మధ్యలో మర్చిపోయి పొడుగు చూస్తారు, చివరికి "ఇది మా అమ్మది లాంటిది" అని ఒకటి పక్కన పెట్టేస్తారు. మొదలుపెట్టిన లెక్క చివరిదాకా పట్టుకోవడమే వాళ్లకి కష్టం. అది వచ్చాకే జంతువులు. ముగ్గుపిండితో నేలమీద రెండు సున్నాలు గీస్తా. ఒకటి గుడ్లు పెట్టేవి, ఒకటి నీళ్లలో ఉండేవి. కప్ప దగ్గర గొడవ మొదలవుతుంది. ఏ సున్నాలో నిలబెట్టినా రెండో సున్నావాళ్లు ఒప్పుకోరు. ఒకరోజు వాళ్లే రెండు సున్నాల్నీ జరిపి కలిపేశారు, కప్పని మధ్యలో పెట్టారు. నేను చెప్పలేదు.

మామ: గుడ్లు పెట్టేవి అంటే గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు హరికథలో దాసుగారు చెప్పేవాడు. గుడ్డులోంచి పుట్టేవి అండజాలు, కడుపులోంచి పుట్టేవి పిండజాలు, చెమటలోంచి పుట్టేవి స్వేదజాలు, నేల చీల్చుకుని వచ్చేవి ఉద్భిజ్జాలు. నాలుగు ముక్కల్లో లోకమంతా సర్దినారు.

కోడలు: చెమటలోంచి ఏవి పుడతాయి మామయ్యా?

మామ: పేలు.

లోపల్నుంచి మా అక్క మొదటిసారి నోరు విప్పింది. "నీ తలలో ఈపులు నలభై ఏళ్లు కుక్కినదాన్ని నేను. ఈపిలోంచి కాకపోతే పేను యాడ నుంచి వస్తుంది?" అన్నది. స్వేదజాల వర్గం ఆ విధంగా మా ఇంట్లో రద్దయింది.

మామ: సరే, పాతవాళ్లు ఒకచోట తప్పినారు. మీవాళ్లు తప్పలేదా?

కోడలు: ఎందుకు తప్పలేదు? లోకంలో ప్రాణులకి పేర్లు పెట్టిన లిన్నేయస్ అంతటివాడు 1735లో తిమింగలాన్ని చేపల్లో వేశాడు. 1758లో తీసి పాలిచ్చేవాటిలో వేశాడు. అదే పుస్తకంలో గబ్బిలాన్ని తీసుకొచ్చి మనిషి పక్కన, కోతి పక్కన కూర్చోబెట్టాడు. అదీ తర్వాతివాళ్లు దిద్దారు.

మామ: ఆయన కాగితం మీద ఎర్రసిరా ఇంటూ ఎవరన్నా పెట్టినారా?

కోడలు జవాబు చెప్పలేదు. నేను చెప్పదల్చుకోలేదు.

మామ: ఇంకొకటి చెప్తా. మా లెక్కలు మోటువి అంటావు. కలివికోడి కథ ఏంది?

కోడలు: పేరులోనే తప్పుంది గదా. అది కోడే కాదు. పొడుగుకాళ్లతో నేలమీద పరిగెత్తే రాత్రిపిట్ట. కలివి పొదల్లో ఉంటుందని కలివి, నేలమీద తిరుగుతుందని కోడి.

మామ: తప్పో ఒప్పో, యాడ ఎతకాల్నో పేరే చెప్పింది. నెల్లూరులో పనిచేసిన జెర్డన్ అనే దొర డాక్టరు దాన్ని 1848లో పుస్తకాల్లోకి ఎక్కించినాడు. 1900 తర్వాత మీ పుస్తకాలోళ్లకి అది కనపడలా. లేదనుకున్నారు. 1986 జనవరిలో మన కొండలకి అవతల, సిద్దవటం దగ్గిర రెడ్డిపల్లిలో ఎవరు పట్టిచ్చినారు? ఐతన్న. పిట్టలు పట్టుకునే మనిషి.

కోడలు: నిజమే. కానీ ఆ పిట్టని వెతుకుతూ వచ్చిన బొంబాయి సంస్థవాళ్లు ఊరూరా తిరిగి బొమ్మ చూపించి ఇది కనపడితే చెప్పండయ్యా అని అడక్కపోతే, ఐతన్నకి తెలిసింది ఐతన్న దగ్గరే ఉండిపోయేది. ఆ పిట్ట లోకంలో ఇంకెక్కడా లేదని ఆయనకి ఎట్లా తెలుస్తుంది? అది చెప్పింది పుస్తకమే. లంకమల అభయారణ్యం వచ్చిందీ అందుకే.

ఈ ముడి దగ్గర ఇద్దరూ ఆగారు. ఎవరూ గెలవలేదు. నిద్రలకి పోయాం.

పొద్దున దొడ్లో అసలు సంగతి జరిగింది. ఒక బేరగాడు పొట్టేళ్ల కోసం వచ్చాడు. బావ ఒకదాన్ని పట్టి కింది పెదవి లాగి చూపించాడు. పాలపళ్లున్నవి ఒక ధర, రెండుపళ్లవి ఒక ధర, నాలుగు, ఆరు, నిండుపళ్లవి వేరే. ఏడాది దాటాక రెండు పెద్దపళ్లు వస్తాయి, నాలుగేళ్లకి ఎనిమిదీ నిండుతాయి. పడమటి నెల్లూరులో గొర్రె పుట్టినరోజు చీటీ అదే. కోడలు బడికి బయల్దేరుతూ ఆగింది.

కోడలు: మామయ్యా, ఎప్పుడూ కిందిపళ్లే చూస్తారే? పైపళ్లు?

మామ: పైన ముందుపళ్లు ఉంటే గదా! ఒట్టి చిగురే.

కోడలు: మేకకి?

మామ: లేవు.

కోడలు: ఆవుకి? బర్రెకి?

మామ: లేవు. నాలిక చుట్టి లాక్కుంటాయి.

కోడలు: దుప్పికి?

మామ: (కాస్త ఆలోచించి) చిరత తిని వదిలేసిన తల చూసినా ఒకసారి. దానికీ లేవు.

కోడలు: గాడిదకి?

మామ: ఎందుకు లేవు? నా భుజం మీద మచ్చ దానిదే.

కోడలు: కుందేలుకి? పందికి?

మామ: రెంటికీ ఉండాయి.

కోడలు: పైపళ్లు లేనివన్నీ నెమరేస్తాయా?

బావ పొట్టేలుని వదిలేశాడు. వేళ్లు మడుస్తూ లోపల్లోపల లెక్కబెట్టాడు. గొర్రె, మేక, ఆవు, బర్రె, దుప్పి. జీవాలూ గొడ్లూ అడవిదీ ఒకే వరసలోకి వచ్చాయి. గడ్డి తిన్నా గాడిదా కుందేలూ రాలేదు, గిట్ట రెండుగా చీలినా పంది రాలేదు. అరవై ఏళ్లుగా వేళ్లతో తడుముతున్న సంగతి.

మామ: ఇది పుస్తకంలో ఉందా?

కోడలు: ఉంది. పెద్ద తరగతుల్లో.

మామ: ముందు తరగతిలో పెట్టమను. నోరు తెరిచి చూపించడానికి నేనొస్తా, రెండు జీవాల్ని తోలుకోని.

ఈ మాట అన్నాక బావ ఒకటికి రెండుసార్లు కోడలి బడి ఎన్నింటికి పెడతారని అడిగాడు. (వ్యాకరణం ప్రకారం తెలుగులో జంతువులన్నీ 'అది'. మా బావ ముసలి పొట్టేలుని మాత్రం 'వాడు' అంటాడు. "వాణ్ణి కూడా తీసుకొస్తా" అన్నాడు.)

అంతసేపూ కంచె మీద కూర్చుని వింటున్న మనవడు కిందికి దూకాడు. తాత ముందుకొచ్చి నోరు బార్లా తెరిచాడు. రెండో తరగతి పిల్లాడు గదా, పైన ముందుపళ్లు రెండూ ఊడిపోయి ఉన్నాయి.

పిల్లాడు: మలి నేను ఏ పక్క తాతా?

మామ: నెమరేస్తావా?

పిల్లాడు కాసేపు ఆలోచించాడు. జేబులోంచి రాత్రి మిగిలిన బెల్లంముక్క తీసి మళ్లీ నోట్లో వేసుకున్నాడు.

మామ: అయితే అవి మొలిచేదాకా జీవాల్లోనే ఉండు.